పాకుడు

మా ఇంటి ముందు, వీధి గేటు నుంచి గరాజు తలుపు దాకా, పన్నెండు గజాల పొడవున తారు పరచిన దారి ఒకటుంది. ఇక్కడ, ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, దాన్ని డ్రైవ్‌వే అంటారు. ఇంటికి ఉత్తరాన ఉంది కనుక చలికాలమంతా దాని మీద ఎండ పడదు. పైగా పక్కనే పెద్ద చెట్టు నీడ. 2011లో మేమీ ఇంట్లోకి వచ్చిన రోజున ఆ దారి కొత్త పలకలా నల్లగా ఉండేది. నాలుగైదేళ్ళకు అంచుల వెంట పచ్చదనం మొదలైంది. పదేళ్ళు తిరిగేసరికి కారు చక్రాలు నడిచే రెండు చారలు తప్ప తక్కినదంతా ఆకుపచ్చ మఖమలు పరచినట్టయింది.

నేను దాన్ని తీయలేదు. బద్ధకమే కారణం. కానీ నా బద్ధకానికి ఎప్పుడూ ఏదో ఒక సౌందర్యదృష్టిని అడ్డుపెట్టుకోవడం నాకలవాటు. "అది తోట కాదండీ, దారి" అని మా ఆవిడ ఏటా రెండు మూడుసార్లు గుర్తుచేసేది. నేను మాత్రం భూతద్దం పట్టుకుని దాని ముందు గొంతుక్కూర్చునేవాణ్ణి.

నిజానికి నాచు చూడదగ్గదే. దానికి వేళ్ళు లేవు, పూలు లేవు, విత్తనాలు లేవు. సన్నని నూలుపోగుల వంటి వాటితో రాతిని పట్టుకుని, నీటిని ఆకులతోనే తాగుతుంది. ఎండితే చచ్చినట్టు పడి ఉండి, ఒక్క జల్లు పడగానే లేచి కూర్చుంటుంది. మా దారి అంచున బూడిదరంగులో మెరిసే ఒక రకముంది. బ్రయమ్ అర్జెంటియమ్ అని దాని శాస్త్రీయ నామం. ఆకు కొసల్లో పత్రహరితం ఉండదు గనుక వెండిపూత పూసినట్టు కనబడుతుంది. అంటార్కిటికాతో సహా అన్ని ఖండాల్లోనూ అది ఉందట! అంతటి లోకసంచారి నా గుమ్మం ముందు విడిది చేస్తే పొమ్మనడానికి నేనెవణ్ణి అనుకున్నాను.

ఆ దారి కథా చిన్నదేమీ కాదు. చిన్న చిన్న రాళ్ళను పొరలుగా పేర్చి అణిస్తే బళ్ళ బరువుకు చెదరదని పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ళలో చూపించినవాడు స్కాట్లండుకు చెందిన జాన్ మెకాడమ్. ఆ రాళ్ళను తారుతో కలిపి బిగించే పద్ధతికి 1902లో పేటెంటు పుచ్చుకున్నవాడు నాటింగ్‌హామ్‌షైర్‌లో రోడ్ల అధికారిగా ఉన్న ఎడ్గర్ హూలీ. టార్‌మాక్ అన్న మాట అక్కడిదే. ఇప్పుడు వాడేది తారు కాదు, పెట్రోలియం నుంచి వచ్చే బిట్యుమెన్. అయినా పేరు పోలేదు. చూడ్డానికి చదునుగా ఉన్నా దాని ఒంటినిండా సందులే. ఆ సందుల్లో దుమ్ము, కుళ్ళిన ఆకులు, తడి చేరితే చాలు, గాలిలో తేలివచ్చే నాచుబీజం అక్కడ కాపురం పెడుతుంది. నాచు తారును తినదు. తడిని ఆరనివ్వదు, అంతే. ఆ తడి చలికాలంలో గడ్డకట్టి, తొమ్మిది శాతం దాకా ఉబ్బి, సందుల్ని బీటలు చేస్తుంది.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినవాడు ఊరుకుంటే ఏమవుతుందో నిరుడు నవంబరులో తెలిసింది.

మా పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. మాకు రావలసిన పార్సెలు ఒకటి వాళ్ళింట్లో ఇచ్చిపోతే, ఆ సాయంత్రం తుంపర్లో దాన్ని పట్టుకుని బయల్దేరింది. దబ్బున చప్పుడు విని నేను తలుపు తీసేసరికి దారి మధ్యలో కూర్చుని ఉంది. ఎడమచేత్తో పార్సెలును గుండెకు హత్తుకుని ఉంది. కుడి మణికట్టు వంకరగా ఉంది. ఆవిడ కూర్చున్నచోట నాచు ఒక మూర పొడవున తోలు ఒలిచినట్టు లేచిపోయి, నల్లని తారు బయటపడింది.

ఆస్పత్రికి తీసుకువెళ్తుంటే కారులో ఆవిడ అన్నమాట ఇది: "నువ్వేం బాధపడకు నాయనా. తప్పు నా చెప్పులది. అరిగిపోయాయి, మార్చుకోవలసింది."

నేను జవాబు చెప్పలేదు. ఈ మాట నేనిదివరకు విన్నాను.

1979 వర్షాకాలం. కోనసీమలో మా ఊరు. పెరట్లో నుయ్యి, చుట్టూ సిమెంటు చప్టా. ఆ రోజుల్లో చప్టా మీద వారం తిరక్కుండానే పాకుడు పట్టేది. ప్రతి శనివారం ఇటుకపొడి చల్లి కొబ్బరిపీచుతో దాన్ని రుద్దడం నా పని. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఒక శనివారం స్నేహితులతో అమలాపురం మ్యాట్నీకి పోయాను. చీకటిపడ్డాక వచ్చి, రేపు చూద్దాంలే అని పడుకున్నాను. తెల్లవారుజామున నాయనమ్మ స్నానానికి వెళ్ళి చప్టా మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది.

"నా కాలే మడతపడింది. తడిచీర కాళ్ళకు చుట్టుకుంది" అని చూడవచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఆవిడ రెండేళ్ళు బతికింది గానీ నూతి దాకా నడవలేదు. ఆ రెండేళ్ళూ ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టి, నీళ్ళుపోసి, తల దువ్వినది మా అమ్మ. ఆవిడ పడిన మరుసటి శనివారం నేను చప్టా రుద్దుతూంటే, ఆ చప్పుడు విని లోపల మంచం మీంచి పిలిచి ఒక్క మాట అంది: "అబ్బాయ్, మూలలు కూడా రుద్దు నాయనా."

శాస్త్రం లెక్కన నూతి చప్టా మీది పాకుడూ, తారు మీది నాచూ వేరు వేరు. జారే పాదానికి ఆ తేడా తెలియదు.

ఆ రాత్రి నాచు వదిలించే మార్గాలు వెతికాను. నీటిని ఒత్తిడితో చిమ్మే యంత్రం అద్దెకు దొరుకుతుంది. కానీ పాతబడిన తారు మీద అది వాడితే నాచుతోపాటు రాళ్ళను పట్టి ఉంచే జిగురూ కొట్టుకుపోతుంది. ఇనుప సల్ఫేటు చల్లితే నాచు నల్లబడి చస్తుంది గానీ తుప్పు మరకలు మిగులుతాయి. దుకాణాల్లో దొరికే నాచుమందుల్లో చాలావాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంటుంది. బాగా పనిచేస్తుంది గానీ చేపలకు విషం. మా వీధి కాలువ నేరుగా ఊరి వాగులో కలుస్తుంది. చివరికి తేలిందేమిటంటే, పొడిగా ఉన్న రోజు చూసి, పార పెట్టి గీకి, గట్టి కుచ్చు చీపురుతో రుద్దడాన్ని మించింది లేదు. ఆపైన నీడనిచ్చే కొమ్మలు కొట్టి, రాలిన ఆకులు ఊడ్చి, కారే గొట్టం బాగుచేసుకోవాలి. నాయనమ్మకు ఇవేవీ చదవకుండానే తెలుసు!

రెండు వారాలకు గానీ పొడిరోజు దొరకలేదు. శనివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి సగమైంది. ఆరు బస్తాల నాచు. నడుము పట్టేసింది. పక్కింటావిడ పిండికట్టు చేత్తో కిటికీలోంచి చూస్తోంది. నేను వెళ్ళి, తప్పు చెప్పులది కాదు, నాదేనని చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం నా ముఖం చూసి, "సరే, అలాగే అనుకుందాం. టీ నువ్వే పెట్టాలి మరి" అంది.

ఆ సాయంత్రమే అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ ఇప్పుడు రాజమండ్రిలో చెల్లెలి దగ్గరుంటోంది. పక్కింటావిడ పడిన సంగతి చెప్పాను. తర్వాత ఆ శనివారం సంగతి, మ్యాట్నీ సంగతి కూడా చెప్పాను. నలభయ్యేళ్ళు దాటాక! అవతల చాలాసేపు మాట లేదు. ఫోన్ తెగిపోయిందేమో అనుకున్నాను.

"ఆవిడకు విరిగింది కుడిచెయ్యా, ఎడమచెయ్యా?" అంది అమ్మ.

"కుడి."

"మరి వంట ఎవరు చేస్తున్నారు?"

"మా ఆవిడ పంపిస్తోంది."

"కారం తగ్గించమను" అని పెట్టేసింది.

అమ్మ నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగను కూడా. ఆ రెండేళ్ళ చాకిరీని ఒక్క ఫోనుతో మాఫీ చేయమనడం మర్యాద కాదు.

మర్నాడు మిగిలిన సగం గీకాను. ప్రహరీగోడ మీది నాచును మాత్రం అలాగే వదిలేశాను. అక్కడ ఎవరూ నడవరు గనుక అక్కడ దాని అందం దానిది. చీపురు గరాజులో మేకుకు వేలాడుతోంది. గాలిలో బీజాలు ఉన్నంతకాలం ఈ పని ముగిసేది కాదు. వానలు పడితే పచ్చదనం మళ్ళీ మొదట మూలల్లోనే కనబడుతుంది. శనివారాలు నేను వాటితోనే మొదలుపెడుతున్నాను.