అయ్యగారూ, మన బండ ఏది?



దిల్‌సుఖ్‌నగర్‌లో చాలాకాలము అద్దె యింట గడిపిన తరువాత, ఎల్.బి. నగర్ దాటి, హరిణ వనస్థలికి కొంచెము దూరములో మాకు రెండు వందల గజాల స్థలము దొరికింది. కృష్ణజింకలు తిరిగే ఆ అడవిని 1994లో జాతీయ పార్కుగా ప్రకటించారు. మా స్థలము కూడా ఒకప్పుడు అటువంటి పొదల నేలయే. సీతాఫలపు చెట్లు, తుమ్మ కంప, ఒక ప్రక్క ఏనుగు పండుకొన్నట్లు పెద్ద గుండు, తూర్పున నిలువెత్తు పల్లము. అందుకే చౌకగా వచ్చింది.

మాకేమో వీధిలోని యిండ్లవలె చదునైన యిల్లు కావాలని ఆశ. పల్లము వైపు గోడ కట్టించి, లారీలతో మొరము పోయించి, దానిమీదనే పునాది వేయ నిశ్చయించాము. మన సంఘస్థుడైన ముసలి రాతి మేస్త్రి చూచి, "అయ్యగారూ, పోసిన మట్టిని నమ్మొద్దు. అది ఇంకా దిగాలి. పైనుంచి వచ్చే నీళ్లకు దారి కూడా లేదు" అన్నాడు. "ప్లాను సంగతి మేము చూచుకొంటాము లెండి" అన్నాము.

2019 వర్షాకాలములో ఒక రాత్రి వానకు ఆ గోడ ఉబ్బి కూలిపోయింది. మా సతీమణి గొలుసు అమ్మిన డబ్బు మొరముతోపాటు వీధిలోనికి కొట్టుకొనిపోయింది. గోడ క్రింది గుడిసెలో పడుకొనే కూలీల పిల్లలు ఆ రాత్రి ఊరికి వెళ్లియుండుట దేవుని కృప. ఆ గుడిసె నేలమట్టమైనది.

ఆ ఆదివారము మేము చెప్పవలసిన వాక్యభాగము మత్తయి సువార్త 7వ అధ్యాయములోని ఇద్దరు ఇల్లు కట్టినవారి ఉపమానము! మేస్త్రి ముందు వరుసలో కూర్చున్నాడు. మా నోట మాట రాలేదు. ఆ ఉపమానములో ఇద్దరూ విన్నవారే. ఒకడు విని చేశాడు, ఒకడు చేయలేదు. మేము వినుటయే కాదు, ఇరువది ఏండ్లుగా ఇతరులకు బోధించినవారము. సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొన్నాము.

మరునాడు స్థలములో మేస్త్రి, "అయ్యగారూ, మన బండ ఏది?" అని అడిగి, తానే త్రవ్వించాడు. నాలుగు అడుగుల లోతున పరుపు బండ తగిలింది. సుత్తితో కొట్టి విన్నాడు. "గట్టి బండ కంగుమంటుంది అయ్యగారూ, పగులుంటే బొదబొదమంటుంది." వాలుగానున్న ఆ బండను మెట్లుగా చెక్కించి, ఒక్కొక్క మెట్టుపై పునాది లేపాడు. అందుచేత మా యిల్లు మూడు మెట్ల యిల్లయినది. గుండును పగులగొట్టలేదు. అదే ప్రార్థన గదికి ఒక గోడ. వాననీటికి ప్రక్కన కాలువ విడిచాము.

లారీ బేకర్ అను క్రైస్తవ శిల్పి 1945లో కుష్ఠురోగుల సేవకై ఇంగ్లాండునుండి మన దేశమునకు వచ్చి, తరువాత తిరువనంతపురములో రాతి గుట్ట వాలుపైననే తన యిల్లు కట్టుకొన్నాడు. ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ విడిచే ఆయన పద్ధతిలోనే మా గోడలు లేపాము. ఇటుక ఖర్చు తగ్గింది, వేసవి వేడియు తగ్గింది.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన పెద్దవానకు ఎల్.బి. నగర్ చుట్టుప్రక్కల ఎన్నో కాలనీలు మునిగిపోయినవి. నీరు మా కాలువ గుండా హోరున పోయింది. పల్లపు వీధిలోని రెండు కుటుంబాలు ఆ రాత్రి మా ప్రార్థన గదిలో, ఆ గుండుకు ఆనుకొని నిద్రించారు.

పల్లెలలో ఇల్లు కట్టబోవు సహోదరులారా! ముందుగా ఒక వానకాలము మీ స్థలమును గమనించండి. నీరు ఎటు పారుతుందో చూడండి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది గనుక, గట్టి నేల తగిలేవరకు త్రవ్వండి. మీకంటె చదువు తక్కువ వాడు హెచ్చరించినప్పుడు చెవియొగ్గండి. దేవుడు మాతో ఆ ముసలి మేస్త్రి నోటనే మాటలాడాడు.