పసిబిడ్డ ‘వద్దు’ అన్నప్పుడు

రెండున్నరేళ్ల బిడ్డ మూత్రం వస్తే చెబుతుంది. మలవిసర్జనకు మాత్రం మరుగుదొడ్డి వైపు రానంటుంది. పరదా చాటుకు పోయి, కాళ్లు బిగబట్టి, ముఖం ఎర్రబడేదాకా ఆపుకుంటుంది. మా చిన్నమ్మాయి విషయంలో మేము చూసినది ఇదే. “మొండిది, గట్టిగా చెబితేగానీ వినదు” అన్నారు బంధువులు. నమాజు చేసుకునే ఇల్లు, జానమాజులు పరిశుభ్రంగా ఉండాలన్న ఆరాటం మాకూ లేకపోలేదు. అయినా ఆ చిన్నారి కళ్లలో మాకు భయమే కనిపించింది.

పిల్లల వైద్యురాలు కారణం విడమరచి చెప్పారు. గట్టిపడిన మలం ఒకసారి నొప్పి పెడితే, మరుసటిసారి బిడ్డ దానిని ఆపుకుంటుంది. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు అందులోని నీటిని పీల్చేస్తుంది. మలం మరింత గట్టిపడి మరింత బాధిస్తుంది. ఒక్కోసారి నిండిన పేగునుండి పలుచని మలం తెలియకుండానే బట్టల్లోకి జారుతుంది. బిడ్డ దానిని కావాలని చేయదు. అటువంటప్పుడు గద్దిస్తే ఉన్న భయానికి మరో భయం తోడవుతుంది.

కనుక కొన్ని వారాలు మేము ఆ ప్రస్తావనే మానుకున్నాము. అడిగినప్పుడు డైపరు తొడిగాము. నీళ్లు, బొప్పాయి, ఆకుకూరలు పెంచి, వైద్యురాలు రాసిన మలం మెత్తబరిచే మందు క్రమం తప్పకుండా ఇచ్చాము. నొప్పి పోయిన తరువాత, పాదాలు నేలకు ఆనేటంత చిన్న కుర్చీ తెచ్చాము. భోజనానంతరం పేగుల కదలిక సహజంగా పెరుగుతుంది గనుక అప్పుడు అయిదు నిమిషాలు కూర్చోబెట్టాము; లేస్తానంటే లేవనిచ్చాము. ఏడవ వారంలో తానే వెళ్లి కూర్చున్నది.

అమెరికా పిల్లల వైద్యుడు బ్రేజల్టన్ 1962లో 1,170 మంది పిల్లల వివరాలను ప్రచురిస్తూ, ఈ శిక్షణకు బిడ్డ సంసిద్ధతే ప్రమాణం కావాలన్నారు. మనకు అంతకన్నా దగ్గరి ఆదర్శమూ ఉంది. ఒడిలోని పసివాడు మూత్రం పోసినప్పుడు దైవప్రవక్త (స) నీళ్లు తెప్పించి తడిసినచోట పోశారని హదీసులు తెలుపుతున్నాయి. బట్ట శుభ్రపడటానికి నీళ్లు చాలు, కోపంతో పనిలేదు.

మలంలో రక్తం, కడుపుబ్బరం, రోజుల తరబడి విసర్జన లేకపోవడం గమనిస్తే ఆలస్యం చేయక వైద్యులను సంప్రదించాలి. మిగిలినదానికి ఓర్పు కావాలి. బిడ్డ శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు; దాని భాషను వినడమూ ఆ బాధ్యతలో భాగమే.