చదివేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు?

బ్లాగు మొదలుపెట్టడం పది నిమిషాల పనేనండీ. ఓ పేరు పెట్టుకుని, పైన తులసికోట ఫోటో ఒకటి తగిలించి, మొదటి టపా రాసేస్తే అయిపోతుంది. ఆ తర్వాతే ఉంది అసలు కష్టం. బూరెలు వండి, విస్తళ్ళు వేసి, గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంటే ఒక్కరూ లోపలికి రాకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మీలో రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ మధ్య మా తోడికోడలు కూడా ఇదే అంది. "అక్కా, రోజుకి ఆరుగురు చూస్తున్నారు. అందులో ఒకదాన్ని నేను, ఒకరు మీ మరిది. మిగతా నలుగురూ నువ్వేనేమో!" నవ్వుతూనే అంది కానీ అందులో దిగులు ఉంది. మా మరిదికి అశోక్‌నగర్‌లో చిన్న జిరాక్స్ షాపు. గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలు నోట్సులు పట్టుకుని వరసలో నిలబడ్డ రోజులున్నాయి. ఇప్పుడు సగం మంది పీడీఎఫ్‌లు ఫోన్లోనే చదువుకుంటున్నారు. వాళ్ళబ్బాయేమో నారాయణగూడలో ఇంటర్ చదువుతున్నాడు. బ్లాగు మీద నాలుగు డబ్బులు వస్తే ఫీజుకి ఆసరా అవుతుందని ఆమె ఆశ. 2018లో గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగుకి కూడా వచ్చింది కదా, అలా రాసి సంపాదించేవాళ్ళు ఉన్నారని ఎవరో చెప్పారట. అందుకే నాకు తెలిసినవన్నీ కూర్చోబెట్టి చెప్పాను. ఆ తర్వాత ఆమె దగ్గర నేనూ కొన్ని నేర్చుకున్నాను. అవే ఇవి.

ముందు కొంచెం పాత సంగతి చెప్పాలి. 2006లో వీవెన్ గారు లేఖిని, కూడలి తయారుచేశారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చేది లేఖినిలో. తెలుగు బ్లాగుల్లో ఎవరేం రాసినా ఒకేచోట కనిపించేది కూడలిలో. తర్వాత జల్లెడ, హారం, మాలిక వచ్చాయి. మనం టపా రాస్తే చాలు, అది కూడలిలో పైన కనిపించేది, జనం వచ్చేవాళ్ళు. ఇ-తెలుగు వాళ్ళయితే హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటర్లో తెలుగు రాయడం ఎలాగో కరపత్రాలు పంచి మరీ చెప్పారు.

ఇది మన ఊళ్ళో కొత్త కాదనిపిస్తుంది నాకు. నైజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనకి దిగలేదు. ఉన్నవాళ్ళని వెతికి కూర్చి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. ఉన్నవాళ్ళని ఒకచోట చేర్చడమే జవాబయింది. కూడలి చేసిన పనీ అలాంటిదే.

ఇప్పుడా రోజులు లేవు. 2013 జూలైలో గూగుల్ రీడర్ మూతపడింది. జనం ఫేస్‌బుక్కుకీ, వాట్సాప్‌కీ వెళ్ళిపోయారు. ఇక మన పాఠకుల్ని మనమే వెతుక్కోవాలి. ఎలా అంటారా?

మొదటిది, శీర్షిక. మా తోడికోడలు ఉసిరికాయ పచ్చడి గురించి రాసి "అమ్మ చేతి కమ్మదనం" అని పేరు పెట్టింది. బాగానే ఉంది, కానీ గూగుల్‌లో అలా ఎవరు వెతుకుతారు చెప్పండి? కార్తీకమాసంలో ఉసిరికాయలు తెచ్చుకుని, కొలతలు గుర్తురాక ఫోన్ తీసిన అమ్మాయి "ఉసిరికాయ నిల్వ పచ్చడి కొలతలు" అని అడుగుతుంది. శీర్షిక అదే ఉండాలి. అమ్మ చేతి సంగతి లోపల ఎంతైనా రాసుకోవచ్చు. ఇప్పుడు చాలామంది టైపు చేయకుండా ఫోనుకి నోటితోనే చెబుతున్నారు. "అట్లతద్దికి ఎన్ని అట్లు వాయనం ఇవ్వాలి?" అని పూర్తి ప్రశ్నే అడుగుతారు. మొదటి రెండు వాక్యాల్లోనే పదకొండు అని చెప్పేసి, తర్వాత మీ అమ్మమ్మగారి ఊరి ఉయ్యాల ముచ్చట్లు రాయండి. కావలసింది దొరికినవాళ్ళే నింపాదిగా కూర్చుని మిగతాది చదువుతారు.

రెండోది, వేళ. వరలక్ష్మీ వ్రతం టపా శుక్రవారం పొద్దున్న రాస్తే ఏం లాభం? శ్రావణ పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం వ్రతం అయితే, ఆడవాళ్ళు పూజాసామాను జాబితా కోసం వారం ముందునుంచే వెతుకుతారు. గూగుల్ మన పేజీని గుర్తుపట్టి చూపించడానికీ కొంత సమయం పడుతుంది. అందుకే ఆషాఢం మొదట్లోనే రాసి పెట్టుకోవాలి. ఇంకో మాట, ఏటా కొత్త టపా రాయకండి. పాతదాన్నే తెరిచి, ఆ ఏటి తేదీ మార్చి, కొత్తగా తెలిసింది చేర్చండి. చింతచెట్టులా ఒకేచోట ఏళ్ళ తరబడి ఉన్న పేజీకే దారి అందరికీ తెలుస్తుంది.

మూడోది, ఫోటోలు. మన ఫోన్లో తీసిన ఒక్కో ఫోటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది. పల్లెటూళ్ళో సిగ్నల్ సరిగ్గా లేనిచోట చదివే ఆవిడకి అది తెరుచుకునేసరికి పాలు పొంగిపోతాయి! రెండొందల కేబీలకి తగ్గించి పెట్టండి. ఫోటోకి కూడా పేరు రాసే చోటు ఉంటుంది, అక్కడ "కంద బచ్చలి కూర" అని తెలుగులో రాయండి. బొమ్మల్లో వెతికేవాళ్ళు ఆ దారిన వస్తారు.

నాలుగోది, ఇంట్లో గదికీ గదికీ మధ్య తలుపులు. గుమ్మడి వడియాల గురించి రాసినప్పుడు, ఇదివరకు రాసిన మినప్పప్పు నానబెట్టే టపాకి లింకు ఇవ్వండి. వచ్చినవాళ్ళు ఒక్క గది చూసి వెళ్ళిపోకుండా ఇల్లంతా తిరుగుతారు. వాట్సాప్‌లో మాత్రం టపా మొత్తం అంటించకండి. రెండు వాక్యాలు, కింద లింకు, అంతే. మొత్తం అంటిస్తే మూడోరోజుకి అది మీ పేరు లేకుండా మీకే ఫార్వర్డ్ అయి వస్తుంది.

అయిదోది నాకు చిక్కడపల్లి నేర్పింది. త్యాగరాయ గానసభలో ఏ సాయంత్రమైనా ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. కొన్ని సభలకి హాలు నిండుతుంది, కొన్నిటికి ముందు రెండు వరసలే. నేను గమనించిందేమంటే, పక్కవాళ్ళ పుస్తకావిష్కరణకి వెళ్ళి చివరిదాకా కూర్చునేవాళ్ళ సభకే జనం వస్తారు. తమ సన్మానం కాగానే శాలువా సంచిలో పెట్టుకుని లేచిపోయేవాళ్ళకి రారు. బ్లాగూ అంతే. ఇంకొకరు రాసింది మనస్ఫూర్తిగా చదివి, అందులో నచ్చిన వాక్యం ఏదో ఆవిడకి చెప్పండి. "బాగుంది, నా బ్లాగు చూడండి" అని వదిలేస్తే అది పలకరింపు కాదు, కరపత్రం.

ఇవన్నీ చెప్పానా, మా తోడికోడలు శ్రద్ధగానే చేసింది. రెండు నెలలకి ఆరుగురు ముప్ఫై మంది అయ్యారు. కానీ ఫీజు గడువు ముప్ఫై మందితో తీరదు కదా! యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు చేరేదాకా డబ్బు చేతికి రాదు. ఆ తొందరలో ఉండగా ఫోన్లో ఎవరో పరిచయమయ్యాడు. మూడు వేలు ఇస్తే వారంలో పదివేల మందిని రప్పిస్తానన్నాడు. ఇచ్చేసింది. నిజంగానే పదివేలు చూపించింది లెక్క. సంబరంగా నాకు ఫోన్ చేస్తే, వాళ్ళింటికి వెళ్ళి ఇద్దరం కలిసి వివరాలు తెరిచి చూశాం. ఒక్కరూ రెండు సెకన్లు ఆగలేదు. తెలుగు రాని దేశాల పేర్లున్నాయి. మనుషులు కారు, యంత్రాలు. పైగా ఇలాంటి దొంగ రాకపోకలు కనిపెడితే గూగుల్ ప్రకటనల ఖాతానే మూసేస్తుంది. వెంటనే అవి ఆపించాం. మూడు వేలు తిరిగి రాలేదు.

అతనే ఇంకో సలహా కూడా ఇచ్చాడట. "వంటలు ఎవరు చూస్తారు మేడమ్? ఇంటి గొడవలు రాయండి. అత్త, ఆడపడుచు, విడాకులు. అవే పరిగెడతాయి" అని. మా ఆడపడుచు ఏడాది క్రితం కూతుర్ని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. నారాయణగూడలో మా అత్తయ్య దగ్గరే ఉంటూ ఉద్యోగం చేసుకుంటోంది. తోడికోడలు ఆ కథ రాసి, ప్రచురించకుండా నాకు చూపించింది. పేర్లు మార్చింది. నిజం చెప్పొద్దూ, చాలా బాగా రాసింది. చదువుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. శీర్షిక కూడా జనాన్ని లాక్కొచ్చేలా ఉంది.

"ఇది అత్తయ్య ముందు పైకి చదవగలవా?" అని అడిగాను.

మాట్లాడలేదు.

"పేర్లు మారిస్తే మన వాళ్ళు గుర్తుపట్టరనుకున్నావా? ఇంకో పదేళ్ళకి ఆ పిల్ల ఫోన్లో ఏదో వెతుకుతుంటే వాళ్ళమ్మ కథ ఎదురవుతుంది. రాసింది పిన్నత్త అని తెలుస్తుంది."

"ఫీజు కట్టాలి కదక్కా" అంది మెల్లిగా.

ఆ మాటకి నా దగ్గర చప్పున జవాబు లేదు. డబ్బు అవసరం అబద్ధం కాదు. కాసేపాగి ఒకటే చెప్పాను. గొడవ కోసం వచ్చినవాళ్ళు రేపు ఇంకో గొడవ అడుగుతారు. వాళ్ళని నిలబెట్టుకోవడానికి మన ఇంట్లో ఇంకెన్ని కన్నీళ్ళు ఉండాలి? ఆమె చాలాసేపు ఆలోచించి, ఆ టపా తీసేసింది. ఆ నెల ఫీజు అందరం తలా కొంత సర్దాం.

దారి మాత్రం ఆమే కనిపెట్టింది, నేను కాదు. ఒకరోజు షాపులో కూర్చుంటే జిరాక్స్ కోసం వచ్చిన కుర్రాడు, రూములో వండుకోవడం రాక నాలుగు రోజులుగా బిస్కెట్లతో గడుపుతున్నానని స్నేహితుడితో అంటున్నాడట. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దుటినుంచి రాత్రిదాకా చదివే పిల్లలు ఇలాంటివాళ్ళే కదా. రూములో స్టవ్ ఉండదు, ఓ చిన్న రైస్ కుక్కర్ ఉంటుంది. ఆ రాత్రే రాసింది: "స్టవ్ లేని రూములో రైస్ కుక్కర్‌తో వారం రోజుల వంట". కందిపప్పు ముందు అరగంట నానబెట్టాలని, చింతపండు, టమాటా ముందే వేస్తే పప్పు ఉడకదని, పులుపు చివర్న వేయాలని, ఏ గ్లాసుతో కొలవాలో ఆ గ్లాసు ఫోటోతో సహా. పేజీ తెరిచి ఫోన్లోనే క్యూఆర్ కోడ్ తీసుకోవచ్చు. దాన్ని ప్రింటు తీసి, కౌంటరు పక్కన కోచింగ్ సెంటర్ల ప్రకటనల మధ్య అంటించింది. కింద "అన్నం తిన్నారా?" అని రాసింది, అంతే.

జిరాక్స్ తీసేలోపు పిల్లలు దాన్ని స్కాన్ చేసుకుంటున్నారు. రూముల్లో ఒకరినుంచి ఒకరికి వెళ్ళింది. ఊళ్ళలో ఉన్న తల్లులకి పంపారు. ఆ తల్లులు తమ ఇంకో కొడుక్కి, బెంగుళూరులో ఉన్న కూతురికి పంపారు. ముప్ఫై కాస్తా రోజుకి నాలుగు వందలు దాటింది. సగటున నాలుగు నిమిషాలు ఆగి చదువుతున్నారు. పదివేల యంత్రాలకంటే ఈ నాలుగు నిమిషాలే గొప్ప అని ఇప్పుడు ఆమే నాకు చెబుతోంది. డబ్బు ఇంకా పెద్దగా ఏం లేదు, 100 డాలర్లకి సగం దారిలో ఉంది. ఫీజుకి సరిపోతుందా అంటే సరిపోదు. ఆ మాట దాచకుండా చెప్పాలి, ఎందుకంటే బ్లాగు పెట్టగానే ఇల్లు గడుస్తుందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఒకప్పుడు ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు ప్రమదావనం శీర్షిక దశాబ్దాల తరబడి నడిపారు. మన అమ్మలు వారం వారం దానికోసం ఎందుకు ఎదురుచూసేవారు? తమలాంటి ఒక ఆడమనిషి అడిగిన ప్రశ్నకి అక్కడ జవాబుండేది కాబట్టి. ఇప్పుడు సాధనాలు మారాయి, శీర్షికలు, ఫోటోల సైజులు, గూగుల్ పద్ధతులు అన్నీ నేర్చుకోవలసిందే. కానీ అవన్నీ దారి చూపించే బోర్డులు మాత్రమే. ఎవరి కోసం రాస్తున్నామో ఆ ఒక్క మనిషి ముఖం మనకి తెలిసుండాలి. ఆ మనిషి రోజూ ఏ దారిన వెళ్తుందో చూసి, అక్కడ మన బోర్డు పెట్టాలి.

మీ టపా ఎవరి కోసమో ఈసారి రాసేముందు ఒక్క క్షణం తలుచుకోండి. ముఖం కనిపించిందా? ఇక రాసేయండి.