జంబియానిలో ఆటుపోట్లు

బరంపురం వాళ్ళకు సముద్రం కొత్త గాదు. బస్సెక్కితే గంటలోపే గోపాలపూరు. అందుచేత దార్ ఎస్ సలాంలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు, “డిసెంబరు సెలవులకు అందరూ రండి, జాంజిబారులో వారం రోజులు సముద్రపొడ్డున కూర్చుందాం” అని పిలిచినప్పుడు తాతగారు నవ్వారు. తాతగారంటే మా నాన్నగారే. పిల్లలు పుట్టింది మొదలు ఇంటిల్లిపాదికీ ఆయన తాతగారే. “సముద్రం చూడటానికి సముద్రం దాటి వెళ్ళాలట్రా?” అన్నారు. అన్నారే గాని, అందరికన్నా ముందు పెట్టె సర్దుకున్నదీ ఆయనే.

దార్ ఎస్ సలాం నుంచి ఓడలో రెండు గంటలు. అక్కడినుంచి కారులో దీవికి అడ్డంగా తూర్పు తీరానికి. ఊరిపేరు జంబియాని. మా బస కొబ్బరాకు కప్పుతో, సున్నపు గోడలతో నాలుగు గదుల ఇల్లు. భోజనాల బల్ల ఇసుకలోనే. తినడం, పడుకోవడం, మళ్ళీ తినడం. ఇంతకు మించి పని లేదు.

వంటింట్లో ఒకామె పీట మీద కూర్చుని, ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప పళ్ళ మీద కొబ్బరి కోరుతూంటే నానమ్మగారు, “ఇది మన కోరామే గదూ!” అని పక్కనే చతికిలబడ్డారు. దాన్ని వాళ్ళు ‘ఎంబూజీ’ అంటారట, అంటే మేక. ఆవిడ రెండు రోజులు నవ్వారు. కొబ్బరిపాలతో ఉడికించిన చిక్కుడుగింజలూ, చపాతీలూ పెట్టారు. చపాతీని వాళ్ళూ చపాతీ అనే అంటారు. ఇక పిల్లలు నేర్చుకున్న మొదటి మాట ‘శికామో’. పెద్దవాళ్ళు కనిపిస్తే చిన్నవాళ్ళు అనాలి. ‘మీ కాళ్ళు పట్టుకుంటున్నాను’ అని దాని అర్థం చెప్తారు. పెద్దలు ‘మరహబా’ అంటారు. ఇంట్లో పదిసార్లు చెప్తే గాని నమస్కారం పెట్టని మావాళ్ళు అక్కడ కనబడ్డ ప్రతివారికీ శికామో!

సముద్రం మాత్రం మాకు తెలిసిన సముద్రం కాదు. గోపాలపూరులో ఆటుకైనా పోటుకైనా కెరటం కాస్త ముందుకో వెనక్కో జరుగుతుంది గాని, ఘోష మానదు. ఇక్కడ పోటువేళ గుమ్మం ముందు నీలంగా నిండిన నీరు ఆరు గంటలు గడిచేసరికి కంటికి ఆనదు. ఎక్కడో పగడపు దిబ్బల మీద విరిగే తెల్లని గీత, ఇటంతా తడి ఇసుక. ఆ ఇసుకలో ఆడవాళ్ళు మేకులు పాతి, తాళ్ళు కట్టి, సముద్రపు నాచు సాగుచేస్తారు. దాని జిగురు పళ్ళపొడి ముద్దల్లోనూ, ఐస్‌క్రీముల్లోనూ పడుతుంది. మంచి ధర పలికే రకం నీరు వేడెక్కి చచ్చిపోతోంది. చౌక రకమే మిగిలింది.

వంటింటి గోడకు ఒక పలక ఉంది. రెండోనాడు, పున్నమి మర్నాడు, దానిమీద సుద్దతో నీరు తీసేవేళ 4, నిండేవేళ 10 అని రాసి ఉంది. తాతగారు చూసి, “నాలుగు దాకా నీళ్ళు తీస్తూనే ఉంటాయి, రారా” అని ఎనిమిదేళ్ళ మనవణ్ణి వెంటబెట్టుకుని దిబ్బలకేసి నడిచారు. ఎవర్నైనా అడగవచ్చు గదా! గోపాలపూరు మనిషి సముద్రం గురించి ఒకరిని అడగడమా?

పన్నెండు కాకముందే మాకు గుండె జారింది. వాళ్ళిద్దరూ దూరాన మెరక మీద పొడిగానే నిలబడి గవ్వలు ఏరుతున్నారు. వాళ్ళకూ మాకూ మధ్య పల్లాలన్నీ నిండిపోతున్నాయి. పోటు ముందు పల్లం వెతుక్కుంటుంది. మెరక మీదవాడికి చుట్టూ నిండేదాకా తెలియదు. కేకలు వేశాము. గాలి మావైపే, వినబడలేదు. నాచు మూటలతో తిరిగివస్తున్న ఆడవాళ్ళకు చేతులతో చూపించాము. అందులో ఒకామె మూట అక్కడే దింపి వెనక్కు తిరిగింది.

ఆమె వాళ్ళను తిన్నగా తీసుకురాలేదు. పిల్లవాణ్ణి భుజానికెత్తుకుని, తాతగారి మణికట్టు పట్టుకుని, ఏదో కనబడని ఇసుకగట్టు మీదుగా చుట్టూ తిప్పి తెచ్చింది. ఒకచోట తాతగారికి రొమ్ముల దాకా వచ్చాయి నీళ్ళు. మేము చూడలేక కళ్ళు మూసుకున్నాము. ఒడ్డు చేరాక ఆయన కాసేపు పలకలేదు. ఒక చెప్పు లేదు. మెల్లగా ఆమెకేసి తిరిగి, “శికామో” అన్నారు.

ఆమెకు నలభై ఉంటాయో లేవో. పైటలాంటి గుడ్డతో నోరు మూసుకుని నవ్వి, తనే వంగి ఆయనకు శికామో చెప్పింది. ఆమె మూట మాత్రం పోటుకు చెదిరిపోయింది. డబ్బిస్తే వద్దంది. బతిమాలితే మూట ధర లెక్కగట్టి అంతే తీసుకుంది.

సాయంత్రం తమ్ముడు బజారునుంచి వచ్చి విషయం చెప్పాడు. స్వాహిలీవాళ్ళ గంటలు సూర్యోదయం నుంచి లెక్క. మన ఏడు గంటలకు వాళ్ళకు ఒకటి. పలక మీది నాలుగంటే మన ఉదయం పది. పది అంటే సాయంత్రం నాలుగు. తాతగారు చదివింది సరిగ్గా తలకిందులన్నమాట. “ఉదయాది గడియలు లెక్కపెట్టే పంచాంగం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నాను” అన్నారాయన. పిమ్మట భోజనం దాకా మాట్లాడలేదు.

మర్నాటి నుంచి రోజూ వంటింట్లోకి వెళ్ళి, పలక చదివి, కొబ్బరి కోరేవాళ్ళకు వినిపించి, సరేనన్నాకే కాలు ఇసుకలో పెట్టేవారు. తిరుగు ప్రయాణంలో చూస్తే ఆయన చేతి గడియారం ఆరు గంటలు వెనక్కు తిప్పి ఉంది. బరంపురం చేరాక కూడా రెండు రోజులు దిద్దలేదు.