సి అంటే ఏటి బాబూ?

సంక్రాంతి సెలవులకి పాడేరు వైపు మా ఊరెళ్లినప్పుడు, వరసకి పిన్నయ్యే ఒకామె కూతురి ప్రోగ్రెస్ కార్డు మా చేతిలో పెట్టింది. నాలుగో తరగతి. లెక్కల్లో సి గ్రేడు. "సి అంటే ఏటి బాబూ, పాసేనా?" అప్పటికే వేలిముద్ర వేసేసింది. మా అమ్మానాన్నలూ మా కార్డుల మీద అలాగే వేశారు. మేమెప్పుడైనా చదివి చెప్పామా?

చెల్లిని అరుగు మీద కూర్చోబెట్టి, పలక మీద 52లోంచి 37 తీసెయ్యమన్నాం. 25 అని రాసింది. 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీసేసింది. అప్పుడు కువిలో అడిగాం: సంతకి 52 రూపాయలు పట్టుకెళ్లి 37 ఖర్చుపెడితే ఎంత మిగుల్తాది? వేళ్లు కూడా మడవకుండా పదిహేను అనేసింది. మాలో ఒకడు నవ్వాడు, మిగతావాళ్లకి నవ్వు రాలేదు.

అంటే తీసివేత వచ్చు. పదుల్లోంచి ఒక పది అప్పు తెచ్చుకోడం కాగితం మీద రావట్లేదు, అంతే. సి చూస్తే ఈ సంగతి తెలీదు. (సారుని ఏమనగలం? ఐదు తరగతులకీ ఆయనొక్కరే, కువి రాదు.)

చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పి చూపించాం. మూడో లెక్కకి తనే విప్పుకుంది. ఏది వచ్చో, ఏది రాదో కార్డు వెనకాల రాసి పిన్నికి కువిలో చదివి వినిపించాం. అంతా విని, "దీనికీ ముద్ర వెయ్యాలా?" అంది.