దూరపు సర్వరులో పెళ్ళిపాటలు

దూరాన ఉన్న సర్వరులో తెలుగు ఫైలు తెరిచినప్పుడు అక్షరాలు చెదిరి కనిపిస్తే, మొదట చేయవలసిన పని ఏమీ చేయకుండా ఉండడం. ముఖ్యంగా ఆ ఫైలును సేవ్ చేయకుండా ఉండడం. ఈ మాట మా తమ్ముడికి ఫోనులో మూడుసార్లు చెప్పవలసి వచ్చింది.

మా పిన్ని పాడుతూండగా రాసుకున్న పెళ్ళిపాటలూ అప్పగింత పాటలూ కలిపి 112 ఉన్నాయి. ఆమె ఇప్పుడు లేదు. ఆమె కొడుకూ నేనూ చెరొక ఊరి నుండి, అద్దెకు తీసుకున్న ఒక ఉబుంటు సర్వరులోకి ఎస్సెస్‌హెచ్ ద్వారా వెళ్ళి వాటిని దిద్దుకుంటున్నాము. ఒక రాత్రి అతడు, "అన్నయ్యా, అమ్మ పాటలన్నీ పోయినట్టున్నాయి. ప్రశ్నార్థకాలూ పిచ్చిగీతలూ తప్ప ఏమీ లేవు" అన్నాడు. అదే ఫైలు నా తెర మీద నిక్షేపంగా ఉంది. లాటిన్-1 నుండి యూటీఎఫ్-8కు మార్చే ఆజ్ఞ ఒకటి దొరికిందనీ, దానితో బాగుచేస్తాననీ అతడి తొందర.

అసలు ప్రమాదం ఆ మార్పిడిలోనే ఉంది. యూటీఎఫ్-8లో 'అ' మూడు బైట్లు: ఈ0, బీ0, 85. గుణింతపు గుర్తులకూ పొల్లుకూ కూడా మూడేసి. ఈ మూడింటినీ మూడు లాటిన్ అక్షరాలని భ్రమించి మళ్ళీ యూటీఎఫ్-8లోకి మారిస్తే ఒక్కొక్కటీ రెండేసి బైట్లై, మూడు కాస్తా ఆరవుతాయి. అప్పటిదాకా చూపుకు మాత్రమే ఉన్న జబ్బు ఒంటికి పట్టుకుంటుంది. అందుచేత ముందు ఐకాన్వ్ ఆజ్ఞను యూటీఎఫ్-8 నుండి యూటీఎఫ్-8కే నడిపి, వచ్చినదాన్ని డెవ్-నల్‌లో పారబోయమన్నాను. చెడిన బైటు ఎక్కడున్నా అది ఫిర్యాదు చేస్తుంది. కిక్కురుమనలేదు. పాటలు క్షేమం.

మరి ఇద్దరి చూపులకూ ఇంత తేడా ఎందుకు? అతడి ఖాతాలో లోకేల్ అని కొట్టించాను. కోరిన లోకేల్‌ను పెట్టలేకపోతున్నానని గొణిగింది. విషయం అర్థమైంది. అతడు భాషాభిమానంతో తన ల్యాప్‌టాప్ మొత్తాన్ని తెలుగులో పెట్టుకున్నాడు. నాది అమెరికా ఇంగ్లీషు. ఉబుంటులో ఎస్సెస్‌హెచ్ మామూలుగా మన లాంగ్, ఎల్‌సీ చరరాశులను వెంటబెట్టుకుని అవతలికి పోతుంది. అవతలి సర్వరులో ఇంగ్లీషు లోకేల్ ఉంది, తెలుగుది తయారుచేసి లేదు. లేనిదాన్ని అడిగితే ప్రోగ్రాములు 'సీ' అనే పాతకాలపు లోకేల్‌కు దిగిపోతాయి. అప్పుడు విమ్ ఎడిటరు ఫైలును లాటిన్-1 అనుకుని చదువుతుంది. తెలుగు కావాలన్నవాడికే తెలుగు కనిపించలేదన్నమాట! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సర్వరుపై సర్వాధికారాలు మాకు లేవు, కొత్త లోకేల్ కట్టలేము. ఉన్నవాటి జాబితాలో సీ-యూటీఎఫ్-8 కనిపించింది, అది చాలు. లాంగ్‌నూ తక్కిన ఎల్‌సీ చరరాశులనూ తోసిరాజనగలిగేది ఎల్‌సీ-ఆల్ కనుక, దానికి ఆ విలువ ఇస్తూ ఎగుమతి చేసే వాక్యం ఒకటి రాయాలి.

ఎక్కడ రాయాలన్నది ఇంకో చిక్కు. ప్రొఫైల్ ఫైలును లాగిన్ షెల్ మాత్రమే చదువుతుంది. మా వాడేమో లాగిన్ అయి కూర్చోడు, ఎస్సెస్‌హెచ్ వాక్యం చివరనే విమ్‌ను తగిలించి నేరుగా పాటలు తెరుస్తాడు. అప్పుడు బాష్ చదివేది బాష్‌ఆర్‌సీని. ఉబుంటు ఇచ్చే బాష్‌ఆర్‌సీలో, ఎదుట మనిషి కూర్చున్న షెల్ కాకపోతే ఇక చదవనక్కరలేదని మొదట్లోనే ఒక షరతు ఉంటుంది. చాలామంది తమ వాక్యాన్ని ఫైలు అడుగున చేర్చి, పని చేయడం లేదని తల పట్టుకునేది ఇక్కడే. షరతుకు పైన, మొట్టమొదటి వరుసలో రాయించాను.

అతడు మళ్ళీ తెరిచాడు. కాసేపు ఫోనులో మాట లేదు. తరువాత మెల్లగా, ఒడిబియ్యం పాటను మొదటినుండీ చదవసాగాడు. పిన్ని దాన్ని 'వడిబియ్యం' అనేదని అతడంటాడు, 'ఒడి' అనే అనేదని నేనంటాను. ఆ ఒక్క అక్షరం ఇంకా తేలలేదు.