దోమ కడుపులో దొరికిన రుజువు

మలేరియా క్రిమి దోమ శరీరంలో పెరుగుతుందనడానికి రుజువు 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, బేగంపేటలోని చిన్న సైనిక ఆసుపత్రిలో దొరికింది. దాన్ని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు. చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలే మలేరియాకు కారణమని అంతవరకు చాలామంది నమ్మేవారు. గాలిని ఆపడం ఏ పురపాలికకూ చేతనయ్యే పని కాదు. దోమలు పుట్టే నిలవనీటిని పారబోయడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. బేగంపేట పరిశోధన ప్రజారోగ్య సేవకు తెచ్చిన మార్పు ఇదే.

రాస్ రెండేళ్లపాటు వేరే జాతుల దోమలను కోసి చూశాడు, ఏమీ కనిపించలేదు. ఆ ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు చేతికొచ్చాయి. వాటిని హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. గాలికి దోమలు ఎగిరిపోతాయని ఉక్కపోతలోనూ పంకా వేయించుకోలేదు. 20వ తేదీన కోసిన దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మర్నాడు మరో దోమలో అవే కణాలు ఇంకాస్త పెద్దవిగా ఉన్నాయి. అంటే క్రిమి అక్కడ బతికి పెరుగుతోంది. ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకుండా మళ్లీ చూసి పోల్చడమే ఆ రుజువుకు బలం.

1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని రాస్ చూపాడు. మనుషుల్లో మలేరియాను అనాఫిలిస్ దోమే వ్యాపింపజేస్తుందని ఇటలీ శాస్త్రవేత్తలు నిరూపించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికే ఆయన దృష్టి ఊళ్ల పారిశుధ్యం మీదికి మళ్లింది. దోమలు పుట్టే నీళ్లను వెతికి తొలగించే దళాలు ఉండాలని రాశాడు, సూయజ్ కాలువ ఒడ్డున ఉన్న ఇస్మాయిలియాలో ఆ పద్ధతికి సలహాలిచ్చాడు. మలేరియా పోవాలంటే దోమలన్నీ చావనక్కర్లేదని, వాటి సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలని 1910 నాటి పుస్తకంలో లెక్క కట్టాడు.

లండన్ కెపెల్ వీధిలో ఉన్న స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ భవనం బాల్కనీలకు బంగారుపూత దోమల బొమ్మలున్నాయి. గోడ పైన చెక్కిన పేర్లలో రాస్ పేరూ ఉంది. ఆ దారిన నడిచే తెలుగువాళ్లకు సొంతూరిని తలుచుకుని గర్వపడే చోటు అది. ఆ గర్వం నిలవాలంటే రాస్ చూపిన పద్ధతి సికింద్రాబాద్ వీధుల్లో నేటికీ నడవాలి.

నగరంలో దోమలన్నీ ఒకచోట పుట్టవు. మలేరియా తెచ్చే అనాఫిలిస్ స్టెఫెన్సీ మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, బావుల్లో గుడ్లు పెడుతుంది. డెంగీ తెచ్చే ఏడిస్‌కు కూలర్ అడుగున మిగిలిన నీళ్లు, పాత టైరు, కొబ్బరి చిప్ప చాలు. క్యూలెక్స్‌కు మురుగు నాలాలు కావాలి. పొగమందు ఎగిరే దోమలనే చంపుతుంది. నీటిలోని లార్వా మిగిలిపోయి కొద్ది రోజుల్లో మళ్లీ రెక్కలు కట్టుకుంటుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పైనే పడుతుంది కాబట్టి డ్రమ్ములు, కూలర్లు వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టాలి.

ఫలితం కొలిచే పద్ధతి కూడా ఉంది. సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, డ్రమ్ము మూత తీసి, టార్చి వేసి, గరిటెతో నీళ్లు ముంచి చూస్తారు. తనిఖీ చేసిన ప్రతి వంద ఇళ్లలో లార్వా ఉన్నవెన్నో చెప్పేది హౌస్ ఇండెక్స్. వంద ఇళ్లకు లార్వా ఉన్న పాత్రలెన్నో చెప్పేది బ్రెటో ఇండెక్స్. వీటిని జ్వరం కేసులతో కలిపి వార్డుల వారీగా చూస్తే సిబ్బందిని ముందు ఏ బస్తీకి పంపాలో తెలుస్తుంది. సికింద్రాబాద్‌లో కొంత భాగం కంటోన్మెంట్ బోర్డుది, కొంత నగరపాలక సంస్థది. ఇద్దరి లెక్కలూ ఒకే పటం మీదికి రావాలి.

ఎన్ని యంత్రాలు తిరిగాయి, ఎన్ని లీటర్ల మందు కొట్టారు అన్నవి ఖర్చు లెక్కలు మాత్రమే. పని జరిగిందో లేదో చెప్పేది గత వారంతో పోల్చిన లార్వా లెక్క, జ్వరాల లెక్క. ఆ లెక్కలను ప్రతి వార్డులో జనం ముందు పెట్టాలి.